కంతుకు వాన తెలీదు

కంబదూరులో ఎవరి కారైనా ముసలిదైతే ఆ సంగతి అందరికంటే ఆఖరున తెలిసేది దాని యజమానికే. కళ్యాణదుర్గం రోడ్డు మీద ఒక్కసారి ఆగిపోయి నలుగురి చేత తోయించుకుంటే చాలు, పొద్దుగూకేసరికి టీ అంగడి దగ్గర కమిటీ కూర్చుంటుంది. "ఇంకా ఎన్నాళ్లు ఈడుస్తావప్పా దాన్ని? అమ్మిపారేసి కొత్తది తెచ్చుకో" అంటాడొకాయన. "అమ్మొద్దన్నా, ఇంజను గట్టిగా ఉండాది. ఇప్పుడొచ్చే బండ్లన్నీ రేకుడబ్బాలు" అంటాడింకొకాయన. పొద్దున కారు తోసిన నలుగురిలో మాత్రం ఈ ఇద్దరూ లేరు.

సలహా వింటే వినండి గానీ, చెప్పేవాడి వాటా ఎంతో ముందు లెక్కేసుకోండి. షోరూము పిల్లోడికి నెలాఖరు టార్గెట్టు. ఫైనాన్సు ఏజెంటుకు ఫైలుకింత. పాత బండ్ల బ్రోకరుకు అమ్మేవాడి దగ్గర కొంత, కొనేవాడి దగ్గర కొంత. అందుకే ఆయన ఏ కారు గురించి అయినా పొద్దున "ఇది పనికిరాదన్నా" అని, సాయంత్రం అదే కారు గురించి ఇంకొకరికి "ఇట్లాంటిది మళ్లీ దొరకదన్నా" అని చెప్పగలడు. బావమరిదికి కమీషనేమీ రాదు. కాకపోతే ఉన్నట్టుండి తిరుపతి మీద భక్తి పుడుతుంది, అదీ కొత్త కారులో పోయే భక్తి. ఇంతమందిలో పాత కారు బతకాలని కోరుకునేవాడు మెకానిక్ ఒక్కడే. ఆయనా సన్యాసి కాదు, ఆయన బువ్వ అందులోనే ఉంది. కాకపోతే ఆయన బువ్వ మన కారు తిరిగితేనే. మిగతావాళ్ల బువ్వ మనం సంతకం పెట్టిన రోజే అయిపోతుంది.

ఆ మెకానిక్ షెడ్డులో పది నిమిషాలు నిలబడి చూడండి. ఆయన బానెట్టు ఎత్తుతాడు, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగుతాడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ నూనె వేసి రుద్దుతాడు. గరగరమంటే మొహం చిట్లిస్తాడు. రేడియేటర్ మూత తీసి లోపలికి వేలు పెడతాడు. లోపల తెల్లగా సున్నం గట్టిపడి ఉంటుంది. కూలెంటు కొనడానికి బద్ధకించి ఏళ్లకేళ్లు బోరు నీళ్లు పోసిన పుణ్యం అది. ఆ తర్వాత ఇంజను స్టార్టు చేయించి తను వెనక్కు పోయి సైలెన్సరు దగ్గర గొంతుకూర్చుంటాడు. నీలం పొగ వస్తే రింగులు అరిగి ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందేమో ముందు చూడాలి. మన మట్టి రోడ్లకు అది మామూలే, ఖర్చు వందల్లో తేలిపోతుంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు సిలిండర్లోకి దిగుతున్నట్టు. మనుషులకే నీళ్లు చాలని సీమలో నీళ్లు తాగే ఇంజనును ఎవరు పోషిస్తారు? అది వెంటనే చూడాల్సిన జబ్బు. 

ఈ పరీక్షకు ఆయన తీసుకునేది ఒక టీ. షోరూములో మన కారుకు ఎంత కడతారో చెప్పడానికి ఒక ట్యాబు పట్టుకుని వస్తారు. బానెట్టు ఎత్తరు. ఏ సంవత్సరం మోడలని అడుగుతారు, అంతే.

ప్రభుత్వం అడిగేది కూడా అంతే. 2021 ఆగస్టు 13న పాత బండ్లను తుక్కు చేసే జాతీయ విధానాన్ని ఘనంగా ప్రారంభించారు. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు అంతకుముందు 600 రూపాయలు, 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000. అది చాలలేదు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కారుకు 10,000 చేశారు. మన రాష్ట్రంలో మనిషికి అరవై దాటితే నెలకు 4,000 పింఛను, కారుకు ఇరవై దాటితే పదివేల జరిమానా. ఫిట్‌నెస్ పరీక్ష పాసైతే ఇంకో ఐదేళ్లు తిప్పుకోవచ్చని చట్టమే చెబుతోంది కదా, పాసైన బండికి ఇన్ని రెట్ల ఫీజు ఎందుకని అడిగితే జవాబు లేదు. పాసైనందుకే అనుకోవాలి.

వయసు చూసి బండిని తూచేవాళ్లకు వాతావరణం పట్టదు. విశాఖ బీచ్ రోడ్డు ఉప్పుగాలిలో పదిహేనేళ్లున్న కారూ, కంబదూరు ఎండలో పదిహేనేళ్లున్న కారూ వాళ్ల పుస్తకంలో ఒక్కటే. అక్కడ కింద ఫ్లోరు తుప్పు పట్టి కాలు రోడ్డుకు తగులుతుంది. ఇక్కడ ఏడాది మొత్తానికి కురిసేది అటూఇటూగా 550 మిల్లీమీటర్లు. తుప్పు పట్టాలన్నా తడి కావాలి కదా. కరువు ఈ ప్రాంతానికి చేసిన ఏకైక మేలు ఇదే, కార్ల బాడీలు కాపాడింది. ఎండకు రబ్బరు పైపులు పగుళ్లిస్తాయి, బుష్షులు అరుగుతాయి, బ్యాటరీ తొందరగా చస్తుంది, నిజమే. అవన్నీ మార్చుకునే సామాన్లు. చాసిస్ మార్చలేం, అది ఇక్కడ గట్టిగానే ఉంటుంది. ఈ ఊళ్లో మల్లికార్జున స్వామి గుడి శతాబ్దాలుగా నిలబడి ఉంది. పదిహేనేళ్లు దాటగానే రెన్యువల్ అడిగే అధికారి అప్పట్లో లేకపోవడం స్వామి అదృష్టం.

ఢిల్లీ ముచ్చట ఇంకా రంజుగా ఉంటుంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు బండి, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి రోడ్డెక్కకూడదని కోర్టులు చెప్పాయి. 2025 జులై 1 నుంచి బంకుల్లో వాటికి చుక్క పోయొద్దని హుకుం జారీ చేసి, జనం గోల పెడితే మూడు రోజులకే వెనక్కు తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు అప్పటికి వాటి జోలికి పోవద్దంది. ఈ గందరగోళంలో నష్టపోయినవాడు ఢిల్లీ యజమాని, బాగుపడినవాడు బ్రోకరు. ఎన్‌వోసీ ఒకటి చేతిలో ఉంటే అక్కడ కాలుష్య రాక్షసి అనిపించుకున్న డీజిలు బండి ఇక్కడికొచ్చి "సింగిల్ ఓనర్, డాక్టరు గారు వాడింది" అయిపోతుంది. పొగ మారలేదు, ఊరు మారింది. కొనే ముందు ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషనుకూ లైఫ్ ట్యాక్సుకూ ఎంతవుతుందో అడగండి. బ్రోకరు ఆ ప్రశ్న వినగానే ఫోనొచ్చిందని పక్కకు పోతాడు. బెంగళూరు నుంచి కర్ణాటక నంబరుతో తెచ్చుకునే బండ్లదీ ఇదే కథ. కర్ణాటకలోని పావగడ మనకు పక్కనే ఉందని రెండు రాష్ట్రాల పన్నులు ఒకటైపోవు.

ఇక మన అనంతపురం జిల్లా ఘనత చెప్పుకోకపోతే పాపం. 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే సత్తా దానిది. 2023 జులైకి పది లక్షల కార్లు దాటించింది. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరి, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి చేరాయి. కంబదూరు వైపు చెరువులకు ఆ నీళ్లు ఎప్పుడొస్తాయంటే ప్రతి ఎన్నికకూ వస్తున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాను రెండు ముక్కలు చేస్తే ఫ్యాక్టరీ శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది, కరువును మాత్రం రెండు జిల్లాలకూ సమానంగా పంచారు. ఆ ఫ్యాక్టరీ వ్యవహారంలో అయిదేళ్లలో దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని 2025 మార్చిలో పోలీసులకు ఫిర్యాదు అందింది. కారు లేకుండానే ఇంజన్లు నడిచిపోయిన అద్భుతం అది! ఇక్కడ కారుండీ ఇంజను నడవక మనం తోసుకుంటున్నాం.

సరే, కొత్తదే కొందామనుకోండి. చేతిలో ఉన్నది కట్టి ఆరు లక్షలు లోను పెడితే, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు, నెలకు సుమారు 9,800 కంతు. మొత్తం కట్టేది 8 లక్షల 23 వేల పైమాట. షోరూములో చెప్పేది మొదటి అంకె ఒక్కటే, "నెలకు పదివేలు కూడా కాదు సార్". పాత ఇంజను దింపి బోరింగు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేయించినా అరవై వేల చిల్లరలో తేలే బండ్లే ఇక్కడ ఎక్కువ. అంటే ఆరు నెలల కంతులు. మిగిలిన డెబ్బై ఎనిమిది కంతులు ఎవరి కోసం కడుతున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి. 

అసలు మర్మం లెక్కలో లేదు, నెలలో ఉంది. శెనక్కాయ రైతుకు డబ్బు కంటపడేది ఏడాదికొక్కసారి, అదీ జూన్, జులైలో పదును దొరికి విత్తనం పడితే, ఊడలు దిగే వేళకు ఇంకో వాన పడితే, కాయ పీకే రోజుల్లో పడకుండా ఉంటే. కంతు మాత్రం ఏడాదికి పన్నెండుసార్లు వస్తుంది. వాన పడిన నెలా వస్తుంది, పడని నెలా వస్తుంది. బ్యాంకులో డబ్బు లేక వెనక్కు పోతే బౌన్సు చార్జీ, దాని మీద పన్ను, ఆ తర్వాత ఇంటి ముందుకు ఇద్దరు మనుషులు. అదే మెకానిక్ అయితే "కాయ అమ్మినాక ఇద్దువులేన్నా" అంటాడు. ఆకాశం వైపు చూసి అప్పిచ్చేవాడు ఆయన. సిబిల్ స్కోరు వైపు చూసి అప్పిచ్చేది బ్యాంకు. కొత్త కారు కొనడమంటే వాన తెలిసిన బాకీని వాన తెలియని బాకీతో మార్చుకోవడమే. జీతగాడికి ఈ బాధ లేదు, ఒకటో తారీకుకు వాన అవసరం లేదు కాబట్టి. అందుకే కారు సలహాలన్నీ జీతగాళ్ల కోసమే తయారవుతాయి, రైతులు కొనుక్కుని అనుభవిస్తారు.

2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అనంతపురంలో ఫ్లెక్సీలే ఫ్లెక్సీలు. అదే రోజు ఆటో విడిభాగాలన్నిటికీ ఒకటే 18 శాతం చేశారు, అంతకుముందు 28 కట్టిన సామాన్లతో సహా. దానికి ఒక్క ఫ్లెక్సీ కనపడిందా? క్లచ్ ప్లేటు చవకైందని ఊరేగింపు తీసే కంపెనీ ఈ దేశంలో పుట్టలేదు.

పాత బండి ఇచ్చేస్తే లాభముంటుందని ఇంకో ఊరింపు. అధికారిక తుక్కు కేంద్రంలో ఇస్తే కొత్త కారు ధరలో నాలుగు నుంచి ఆరు శాతం చేతికొస్తుందట, కొత్త బండి రోడ్డు ట్యాక్సులో పాతిక శాతం దాకా రాయితీ ఉంటుందట. తిరిగే బండిని ఆ ధరకు ఇచ్చేవాడు అమాయకుడు, తిరగని బండిని ఇవ్వకుండా అట్టే పెట్టుకునేవాడు మూర్ఖుడు. రెండో రకంవాళ్లూ మనలో తక్కువేం లేరు. ఇంటి పక్క చెట్టు కింద ఇటుకల మీద నిలబెట్టి, కోళ్లు గుడ్లు పెడుతుంటే "బ్యాటరీ ఒక్కటి వేస్తే చాలు" అంటూ పదేళ్లు గడుపుతారు. వాళ్లను సమర్థించే ఓపిక నాకు లేదు.

బాగుచేసుకోవడం గొప్పని అన్ని బండ్లకూ చెప్పలేం. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అయింది 2019లో. అదే ఏడాది జులై నుంచి డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ కూడా తప్పనిసరైంది. అంతకుముందు బండ్లలో చాలావాటికి ఇవేవీ లేవు. హైవే మీద రోజూ వంద దాటించి పోయేవాడు దీన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే, ప్రాణానికి కంతులు లేవు. కళ్యాణదుర్గం దాకా పోయి రావడానికీ, ముసలివాళ్లను ఆసుపత్రికి చూపించడానికీ, విత్తన సంచులు మోయడానికీ ఉన్న బండికి ఆ లెక్క వేరు. స్టీరింగు, బ్రేకులు, టైర్లు బాగుండి, సామాను దొరుకుతున్నంత కాలం దానికి పెన్షను ఇవ్వాల్సిన పనిలేదు.

ఇంతకీ మార్చాలా, బాగుచేయాలా అని ఊగిసలాడే రైతును చూసి నవ్వకండి. మన రాష్ట్రం రాజధాని విషయంలో ఇదే ప్రశ్న దగ్గర ఇరుక్కుంది. 2015 అక్టోబరులో ఒకచోట శంకుస్థాపన, 2019 డిసెంబరులో మూడు చోట్లన్న మాట, 2025 మేలో మళ్లీ మొదటి చోటే పనులు పునఃప్రారంభం. ఆ బిల్లుతో పోలిస్తే కంబదూరు రైతు క్లచ్ ప్లేటు దేశభక్తి.

నా తీర్పు ఇది. ఒక్కసారి ఇంజను దింపించే ఖర్చు పక్కన పెడితే, ఏడాది మొత్తం రిపేరు ఖర్చు ఏడాది కంతుల్లో సగం దాటనంత వరకు షెడ్డుకే పొండి, బిల్లు రాయించుకోండి, పాత సామాను చేతికి అడిగి తీసుకోండి, మార్చాడో లేదో అప్పుడే తెలుస్తుంది. దాటితే అమ్మేయండి, కొనేవాడికి హెడ్ గాస్కెట్ సంగతి దాచకండి. చాసిస్ విరిగితే, బ్రేకులు పట్టకపోతే అసలు అమ్మనే అమ్మొద్దు, తుక్కుకు వేయండి. ఆ బండి ఎక్కేది ఎవరో ఒకరి పిల్లలే. ఇక రవాణా శాఖవారికి ఒక మనవి: బండి పరీక్షలో ఫెయిలైతే ఆపేయండి, మేం అడ్డురాం. పాసైతే మాత్రం ఆ 600 రూపాయలే తీసుకోండి.