సకల సామగ్రీ సమేత శకటం: టీకా తాత్పర్యం

మూలం: సకల సామగ్రీ సమేత సంచార సేవా శకటము.

అవతారిక: హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీలలో ఈత కొలనులను శుభ్రం చేసి, చెడిన పంపులను బాగుచేసేందుకు వచ్చే వ్యాన్ల పక్కల మీద యజమానులు రాయించుకునే బిరుదావళికి ఈ వాక్యం మచ్చుతునక. ఇందులో సంచార, సేవా, శకట పదాల అర్థం స్పష్టమే కనుక, మూలంలో లేనిదీ అక్కరలేనిదీ రాయనని ప్రతిన పూనిన సంస్కృత కావ్య వ్యాఖ్యాత కొలాచల మల్లినాథసూరి అడుగుజాడలలో వాటిని విడిచి, సకల శబ్దం దగ్గర ఆగవలసి ఉంది. ఆ ప్రతిన కూడా ఇక్కడితో చెల్లు.

వ్యాఖ్య: కలలతో కూడినది సకలం. కల అంటే చంద్రబింబంలో పదహారో వంతు. ఒక్క కల లోపించినా సకలం వికలమవుతుంది. వీటిలో పదిహేను కలలు పెరుగుతూ తరుగుతూ ఉండగా పదహారోది మాత్రం ధ్రువమని, అమావాస్య రాత్రి ప్రజాపతి ఆ కలతోనే సమస్త ప్రాణులలో ప్రవేశిస్తాడని బృహదారణ్యకోపనిషత్తు చెబుతుంది. శకటంలోనూ కలలు ఉన్నాయి: ఆకులు తీసే వల, బ్రష్షు, పొడవు పెంచుకునే అల్యూమినియం కర్ర, వాక్యూమ్ హెడ్, దాని హోస్ పైపు, నీటిని పరీక్షించే కిట్టు, క్లోరిన్ పొడి, యాసిడ్ క్యాను, పీవీసీ పైపు ముక్కలు, యూనియన్లు, వాటిని అతికే సాల్వెంట్ సిమెంట్, టెఫ్లాన్ టేపు, రెంచి, మల్టీమీటరు, ప్రెషర్ గేజి. లెక్కించిన వారికి తిథుల వలె పదిహేనే తేలుతాయి.

పదహారో కల ఓ-రింగు, అంటే పంపు మూత కింద ఒదిగి గాలి చొరకుండా కాపాడే నల్లని రబ్బరు వలయం. అది ఎండి పగిలితే పంపు నీటికి బదులు గాలి పీలుస్తుంది, వడపోత ఆగుతుంది, ఎండాకాలమైతే కొద్ది రోజులకే నీరు పాచి పట్టి పచ్చబడుతుంది. అప్పుడు మెకానిక్ పగిలిన వలయానికి టెఫ్లాన్ టేపు చుట్టి చూసి, అదీ నిలవకపోతే “గోదాములో ఉంది సార్, రేపు తెస్తా” అంటాడు. సకలం బహువ్రీహి సమాసమని, బహువ్రీహిలో అర్థం సమాసపదాలలో కాక అన్యత్ర ఉంటుందని వైయాకరణులు చెప్పినది ఇందుకే కాబోలు. స్పష్టమని విడిచిన సంచార పదానికీ అర్థం ఇక్కడే తెలుస్తుంది: గోదాముకూ కొలనుకూ నడుమ తిరుగుట. ప్రతి సంచారానికీ విజిటింగ్ ఛార్జి వేరు; తువ్వాళ్లు భుజాన వేసుకొని గేటు దగ్గర నిలబడిన పిల్లలకు సెలవులు మాత్రం వేరుగా రావు.

అన్ని కొలతల వలయాలనూ ఒక్క బండి మోయలేదు కదా అనేది పూర్వపక్షం. ఏడాది ఒప్పందం రాసుకున్న కొలనులో ఏ పంపు ఉందో ముందే తెలుసు కనుక, నోటుపుస్తకంలో ఒక పుట చాలుననేది సమాధానం. సూదీ కడాయీ రెండూ చేయవలసిన కమ్మరి ముందు సూదిని చేస్తాడనే సూచీకటాహ న్యాయం ఇక్కడ ప్రమాణం.

సమేతమంటే కూడి ఉన్నది. ఈ పదం దగ్గర చమత్కారానికి చోటు లేదు. క్లోరిన్ పొడి, అంటే కాల్షియం హైపోక్లోరైట్, యాసిడ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది; నెమ్మదిగా కరిగే ట్రైక్లోర్ బిళ్లలతో కలిస్తే నిప్పే అంటుకోవచ్చు. ఈ మూడింటినీ ఒకే మూలకు చేర్చి, వాటి పక్కన చేతి తొడుగులైనా లేని కుర్రవాణ్ణి కూర్చోబెట్టి తలుపు మూసిన బండిని ఏ సమాసమూ సమర్థించదు.

తాత్పర్యం: నిన్న ఏ వస్తువు కోసం వెనుదిరిగిందో ఆ వస్తువు నేడు లోపల ఉండి, పొడి ఒక పెట్టెలో, బిళ్లలు మరో పెట్టెలో, యాసిడ్ వాటికి దూరంగా, కుర్రవాడు ముందు సీటులో ఉన్న బండి, పక్కన ఒక్క అక్షరమైనా లేకపోయినా సకలమే.

వ్యాఖ్య సమాప్తం, శేషం గోదాములో.