ఫోటో వెనకవైపు

సారు స్టూడియో అబిడ్స్ జనరల్ పోస్టాఫీసుకు కూతవేటు దూరంలో, ఒక సందులో మెట్లకింద ఉండేది. బోర్డు మీద ‘పాస్‌పోర్టు ఫోటోలు అరగంటలో’ అని రాసి ఉండేది. నాంపల్లి స్టేషన్లో రైలు దిగి ఉద్యోగాల దరఖాస్తులకు పరిగెత్తేవాళ్లే గిరాకీ. ఎనిమిదింటికి షట్టరెత్తే ఆ మనిషి అప్పటికే ఊరవతల ఒక గుట్ట ఎక్కి దిగి వచ్చారని వాళ్లకేం తెలుసు?

హైదరాబాద్ చుట్టూ ఉన్న బండలంటే ఆయనకు పిచ్చి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. నేల లోపలే పగుళ్లు బారి, పైమట్టి కొట్టుకుపోయాక, ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టినట్టు బయటపడ్డ రాళ్లు. మనిషి చెయ్యి పడకుండా ఇంత పొందిక ఎలా కుదిరిందన్నదే ఆయన జీవితకాలపు ఆశ్చర్యం.

మొదట్లో అందరిలాగే సూర్యాస్తమయాలు తీశారు. చేతిలో యాషికా, అందులో ఊటీలో తయారైన ఇందు ఫిల్ము. రోలుకు పన్నెండు బొమ్మలు, పన్నెండింట్లోనూ ఎర్రటి సూర్యుడే, అదీ బ్లాక్ అండ్ వైట్‌లో! తర్వాత ఎర్ర ఫిల్టరు మోజు. నీలాకాశం నల్లబడి మబ్బులు తెల్లగా ఉబికి వచ్చేవి. కొన్నేళ్లపాటు ఆయన ఏ ఫోటో చూసినా ఇప్పుడో ఇంకాసేపటికో తుఫాను ఖాయమన్నట్టుండేది. అదీ తగ్గింది.

అసలు గురువు అబిడ్స్ ఫుట్‌పాత్ మీదే దొరికారు. ఆదివారం పాతపుస్తకాల గుట్టల్లో ‘ప్రిన్స్‌లీ ఇండియా’, 1980లో క్లార్క్ వార్స్‌విక్ తెచ్చిన రాజా దీన్‌దయాళ్ ఫోటోల సంకలనం. దీన్‌దయాళ్ (1844–1905) రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖ డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉంటూ కెమెరా పట్టారు. మధ్యభారతంలోని కోటలూ గుళ్లూ తీశారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానానికి చేరి ముసవ్విర్ జంగ్ అనిపించుకున్నారు. చూసేవాళ్లు ఆయన ఫోటోల్లో నవాబుల నగలు, చచ్చిన పులులు చూస్తారు. సారు చూసింది ఆయన నిలబడిన చోటు. ‘ఇంకో రెండడుగులు జరిగితే ఈ గోడ ఆ గోపురాన్ని మింగేసేది. అక్కడ ఆగాడు చూడు, అదీ చదువు’ అనేవారు. ఆ బొమ్మల కింద కనిపించే నంబరు, చోటు పేరు కూడా ఆయన్ను పట్టుకున్నాయి. ఆనాటి నుంచి తన ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో చిన్న జాతకం రాసేవారు.

‘నానక్‌రాంగూడ దాటాక ఎడమచేతి బండ్లబాట. జోడు ఈతచెట్ల దగ్గర ఉత్తరానికి తిరగాలి. పొద్దున 6.40. ఎఫ్ 16. ఎర్రమట్టి. పక్కన బావి, నీళ్లు తియ్యన.’

పోనుపోను రోలు కదపకుండానే తిరిగి రావడం ఎక్కువైంది. ‘వెలుగు రాలేదు’ అనేవారు, గిరాకీ రాలేదన్నంత మామూలుగా. ఒక బండ కోసం ఎండాకాలమంతా తిరిగి, చివరికి దాన్ని కార్తీకంలో తీశారు. నేను చూసినవాటిలో ఇప్పటికీ అదే గొప్పది.

కొనేవాళ్లే లేరు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్‌కి తెలిసినవాళ్ల స్టాలులో ఓ మూల నాలుగు పెట్టించారు. జనం అడిగినవి రెండే ప్రశ్నలు: ‘ఇందులో మనిషేడి?’, ‘ఫ్రేమెంత?’

1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఊరు పడమటికి పరుగెత్తుతున్న రోజులు. ఫోన్లలో దారిపటాలు ఇంకా రాలేదు. ఒక పెద్దమనిషి పాస్‌పోర్టు ఫోటోకి వచ్చి, గోడమీది బండను చూసి ఆగిపోయాడు. దించమన్నాడు. తిప్పి, వెనక రాసింది పెదాలు కదుపుతూ చదివాడు.

“ఏ దిక్కు నుంచి తీసిండ్రు సార్ ఇది?”

సారుకు గొంతు పట్టేసింది. ముప్పై ఏళ్లకు ఒకడు సరైన ప్రశ్న అడిగాడయ్యా అని తర్వాత నాతో అన్నారు.

ఆ మనిషి పెట్టెలన్నీ తీయించి పద్నాలుగు ప్రింట్లు ఏరుకున్నాడు. చెప్పిన ధర ఇచ్చాడు. నిజాం కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పెడితే ఆ దుకాణం పేరే నిలిచిన పేట ఇది. ఇక్కడ బేరమాడకుండా కొనడమా! పైగా ఫ్రేములు కట్టిస్తానంటే వద్దన్నాడు. “వెనక రాసింది కనపడది సార్.” ఆ మాట సారు ఇరానీ హోటల్లో కూడా చెప్పుకున్నారు. అర్థం కాదేమోనని నాలుగింటి వెనక దారి గీతలు కూడా గీసిచ్చారు. ఆ డబ్బుతో ఇంట్లో గాజులు చేయిస్తానన్న మనిషి రెండు డబ్బాల బ్రోమైడ్ పేపరు కొనుక్కొచ్చారు.

వానలు వెళ్లాక ఒక కుర్రాడు మోటారుసైకిలు మీద కవరు పట్టుకొచ్చాడు.

“సార్, ఇందులకెల్లి మూడు ఫోటోలు వాపసు తీస్కొమ్మన్నరు మా సారు. పైసలు ఇయ్యమన్నరు.”

“మరకలేమైనా పడ్డాయా?” సారు ఒక్కొక్కటే ట్యూబులైటు కింద పెట్టి చూశారు.

“ఫోటోలు మంచిగనే ఉన్నయ్ సార్. సర్వే చేయిస్తె ఒకటి సర్కారు జాగ అని తేలింది. ఒకటి చెరువు శిఖం. ఇంకోటి కోర్టుల ఉందంట.”

“మిగతావి?”

“మిగతయి క్లియరే. రిజిస్ట్రేషన్లు అయినయ్. గా జోడు ఈతచెట్ల కాడ పోయిన సోమారం నుంచి బ్లాస్టింగ్ నడుస్తుంది.”

సారు గల్లా తెరిచి నోట్లు తీశారు. కుర్రాడు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. గడప దిగినవాడు మళ్లీ తల లోపలికి పెట్టాడు.

“గిసొంటియి ఇంకేమన్న ఉన్నయా అని అడగమన్నరు సార్. జర రోడ్డుకు దగ్గరగ.”