కీమో రోజుల్లో అలర్ట్ బ్రాస్‌లెట్: వినకూడని ఆరు సలహాలు

రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో పొద్దున కీమో ఎక్కించుకుని, సాయంత్రానికి విద్యానగర్‌కో తార్నాకకో తిరిగొచ్చేసేవాళ్లున్నారు. మందు ఎక్కేది ఆస్పత్రిలో. ప్రమాదం ముంచుకొచ్చేది మాత్రం ఇంట్లోనో, బస్సులోనో, ఉస్మానియా క్యాంపస్‌లో నడుస్తున్నప్పుడో. చాలా కీమో మందులకు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో స్పృహ తప్పితే, ముక్కూమొహం తెలియని డాక్టరుకు మన సంగతి చెప్పేది ఒంటి మీదున్న అలర్ట్ బ్రాస్‌లెట్టే. దాని గురించి అయినవాళ్లు ప్రేమతోనే తప్పుడు సలహాలు ఇస్తుంటారు. అవి వినకండి.

1. "నలుగురి కంటా పడకుండా దాచుకో."
జబ్బు సంగతి బయటపడితే పిల్ల పెళ్లికి అడ్డమవుతుందని ఇంట్లోవాళ్ల భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ దాచింది ఎవరికీ కనపడదు. నాడి చూసే మణికట్టు దగ్గరే అది ఉండాలి. పైకి వైద్య చిహ్నం మాత్రమే కనిపించేలా, వివరాలు వెనక వైపు చెక్కించుకోండి.

2. "ఫోన్‌లో అన్నీ ఉన్నాయిగా."
ఫోన్‌కు లాక్ ఉంటుంది. పడ్డప్పుడు ముందు జారిపోయేదీ అదే. ఫైలేమో ఇంట్లో బీరువాలో ఉంటుంది. 108 వచ్చేసరికి మీతో ఉండేది మీ చెయ్యే.

3. "బంగారంతో చేయించు, అందంగా ఉంటుంది."
గాజుల మధ్య బంగారం నగలాగే కనిపిస్తుంది. పైగా క్యాజువాల్టీలో ముందు తీసి బంధువుల చేతిలో పెట్టేవి నగలే. స్టీలు బిళ్ల చాలు. స్టీలు సామాన్ల షాపుల్లో గిన్నెల మీద పేర్లు కొడతారు కదా, వాళ్లనే అడిగి చూడండి.

4. "ఏ చేతికైతే ఏంటి?"
రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసి ఉంటే ఆ చెయ్యి వాచే ముప్పుంది. బిగుతైన పట్టీ ఆ చేతికి వద్దు, రెండో చేతికి పెట్టుకోండి. "ఎడమ చేతికి సూది వద్దు, బీపీ వద్దు" అని డాక్టరు చెప్పి ఉంటే, ఆ మాటే దాని మీద చెక్కించండి.

5. "జబ్బు చరిత్రంతా రాయించు."
1953లో కాలిఫోర్నియాలో డాక్టర్ మారియన్ కాలిన్స్ కూతురికి ధనుర్వాతం మందు వికటించి ప్రాణం మీదికొచ్చింది. ఆ అనుభవంతోనే ఆయన 1956లో ఇలాంటి బిళ్లలు ఇచ్చే మెడిక్‌అలర్ట్ సంస్థ పెట్టారు. ఆ బిళ్ల మీద పట్టేది నాలుగు ముక్కలే. మీకూ అంతే చాలు: కీమో నడుస్తోంది, ఛాతీలో మందు ఎక్కించే పోర్టు ఉంది, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారు, ఫలానా మందు పడదు. వీటిలో మీకు వర్తించేవి రాయించి, కింద ఇంటివాళ్ల నంబరు వేయించండి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే గోళీ వేసుకుని పడుకోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లి, అక్కడ మొదట బ్రాస్‌లెట్ చూపించండి.

6. "తాయెత్తులాగా ఒకసారి కట్టుకుంటే ఇక తీయకూడదు."
ఎం.ఆర్.ఐ. గదిలోకి లోహం తీసుకెళ్లకూడదు. అక్కడ తీసి, బయటికి రాగానే పెట్టుకోవాలి. మందులు మారితే చెక్కించిన మాటలూ మారాలి. చికిత్స ముగిశాక తీసేయొచ్చా అన్నది మీ డాక్టరే చెప్పాలి. బ్లియోమైసిన్ అనే కీమో మందు వాడినవాళ్లకు ఏళ్ల తర్వాత ఆపరేషన్ జరిగినా, ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉంది. మత్తు ఇచ్చే డాక్టరుకు ఆ సంగతి తెలియాలి.

మీ ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తుంటే, వచ్చే విడత లోపే ఏం రాయించాలో డాక్టరును అడిగి, ఆ బిళ్ల చేయించి పెట్టండి.