బెల్టు తీసిన బస్సు

నేను ఉషా మిషన్ని. నల్లటి ఒళ్ళు, దాని మీద బంగారు రంగు లతలు, అవీ సగం చెరిగిపోయాయి. లాలా శ్రీరామ్ గారి కలకత్తా కంపెనీ మమ్మల్ని తయారుచేసి దేశమంతా పంపింది. నా వంతుకు తెనాలిలో ఒక అమ్మమ్మ ఇల్లు వచ్చింది. ఆవిడకి చూపు ఆనక, మోకాళ్ళు ఒప్పుకోక కుట్టు మానేశాక, నన్ను లారీ ఎక్కించి విజయవాడలో కూతురి దగ్గరికి పంపేసింది.

ఇక్కడ నాకిచ్చినదాన్ని గది అనడానికి నోరు రాదు. వంటింటి వెనక బాల్కనీకి గ్రిల్లూ అద్దాలూ బిగిస్తే మిగిలిన చోటు అది. ఒక సిమెంటు అలమర, ఒక మడత బల్ల, వానాకాలమైతే నెత్తిన ఆరేసిన తువ్వాళ్ళు. అమ్మాయి అక్కడే జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. పిల్లల అడ్డా కూడా అదే. పెద్దది ఐదో తరగతి, బుడ్డోడు యూకేజీ. ప్రాజెక్టు వర్కంటూ చార్టులు, బంక, మెరుపు పొడి. ఆ మెరుపు పొడి సంగతి నన్నడగండి. బట్టను వెనక్కి జరిపే నా పళ్ళలో అది ఒక్కసారి చేరిందా, ఎవరి పట్టు జాకెట్టు మీదో దీపావళి చేసేదాకా ఊరుకోదు.

అమ్మాయి ముందు అందరిలాగే సర్దింది. వరసగా మేకులు కొట్టిన చెక్క తెచ్చి అద్దం పక్కన తగిలించి, దారపు రీళ్ళన్నీ రంగుల వారీగా గుచ్చింది. హుక్కులు ఒక డబ్బా, లేసులు ఒక డబ్బా, లైనింగులన్నీ ఒక సంచి. వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ చెక్కను చూస్తే గుబులే. పడమటెండ దారాన్ని వెలిసేలా చేస్తుంది, నీరసపెడుతుంది. దాని మీద పేరుకున్న దుమ్ము నేరుగా నా టెన్షన్ రేకుల మధ్యకొస్తుంది. ఇక పైదారం తెగడం, కుట్టు వదులవడం, చివరికి ‘ఈ పాతది పనికిరాదు’ అన్న మాట. అదీగాక ఒక్క జాకెట్టు కుట్టాలంటే ప్రతి డబ్బా మూతా తియ్యాలి. తీసినవి ఎక్కడ పెడుతుంది? నా మీదే. వాటి మీదికి పిల్లల చార్టు.

రెండోసారి వస్తువుల్ని కాదు, పనుల్ని సర్దింది. ఒక్కో జాకెట్టుకి ఒక్కో సంచి: గుడ్డ, లైనింగు, ఆది జాకెట్టు, కలిసిన దారం, లెక్కపెట్టిన హుక్కులు, కొలతల చీటీ. సంచి దించితే పని మొదలు, తగిలిస్తే గది ఖాళీ. అన్నానికి పిలుపొచ్చినా, బుడ్డోడు మోకాలు చెక్కుకున్నా సగంలో ఆగిన పని చెదరదు. చూడ్డానికి మునుపటంత అందంగా ఏమీ లేదు, గోడంతా సంచులే. అయినా నేను దీనికే ఓటేస్తాను. దారాలు బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళాయి, మూతతో సహా.

తర్వాత ఎత్తులు తేల్చింది. కత్తెరలు, బ్లేడు, గుండుసూదులు, ఇస్త్రీ పెట్టె పై అరలో. అడుగు అరంతా పిల్లలది. కటింగులో మిగిలిన ముక్కలు, పెద్ద గుండీలు, మొద్దుమొన కత్తెర, రంగులు. అడక్కుండా తీసుకోవచ్చు, చెప్పించుకోకుండా తిరిగి పెట్టాలి. రెండోది సగం రోజులే జరుగుతుంది. అంతకుముందు ‘అమ్మా, కత్తెరేదీ’ అన్న కేక ఎంత తరచుగా వినబడేదో నాకు తెలుసు. గుడ్డ కత్తెర పిడికి ఎర్రదారం కట్టింది. కాగితం కోస్తే దాని పదును పోతుంది గనక ఎర్రదారం కత్తెర కాగితం ముట్టకూడదు. ఆ నియమం తప్పింది పిల్లలు కాదు, పాలపాకెట్టు కోసిన వాళ్ళ నాన్న. విరిగిన సూదులకు మూత గట్టిగా పట్టే మందుల సీసా ఉంది. ముక్కలన్నీ దొరికి సీసాలో పడేదాకా బుడ్డోడికి లోపలికి ప్రవేశం లేదు.

బుడ్డోడికి నేను బస్సుని. పెడల్ బ్రేకు, చక్రం స్టీరింగు. ఎన్నిసార్లు తిట్టినా దిగడని గ్రహించి అమ్మాయి ఒక కిటుకు పట్టింది. పని కాగానే తోలు బెల్టు చక్రం మీంచి తప్పిస్తుంది. ఇక వాడెంత తొక్కినా కింది చక్రం తిరుగుతుందే తప్ప సూది కదలదు. బెంజి సర్కిల్, బందరు రోడ్డు, అన్నీ తిరిగొస్తాడు.

పెద్దది ఒకరోజు నా బల్ల మీదే గాంధీగారి చార్టు అంటిస్తూ పైకి చదివింది. యంత్రాలంటే పడని ఆయన 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారట. భార్య చేత్తో కుట్టే అవస్థ చూడలేక సింగర్ ప్రేమతో దీన్ని కనిపెట్టాడని అన్నారట. విని పొంగిపోయాను, కానీ మా వంశచరిత్ర అంత సుకుమారమైంది కాదు. మొన దగ్గర కన్నున్న సూదికి, అడుగున దారం మోసే షటిల్‌ను జతచేసి హౌ అనే ఆయన 1846లోనే పేటెంటు పుచ్చుకున్నాడు. సింగర్ పేటెంటు 1851ది. హౌ దావా వేసి రాయల్టీ రాబట్టాడు. ప్రేమ ఎంతుందో గానీ కోర్టుఖర్చులు మాత్రం బాగానే ఉన్నాయి.

వేసవి సెలవుల్లో పెద్దదానికి కుట్టు మొదలైంది. దారం లేకుండా, గీతల కాగితం మీద. టైలరింగ్ నేర్పేవాళ్ళ పాత పద్ధతే ఇది. గీత తప్పితే చిల్లులే చెప్తాయి. కాగితం సూదిని మొద్దు చేస్తుంది కాబట్టి, అరిగిపోయిన పద్నాలుగో నంబరు సూదినే బిగించారు. వంకర గీతలు దాటి చతురస్రాలకొచ్చాక అసలు సూది, అసలు దారం. నూనె చుక్కలు వేశాక ముందు పాతగుడ్డ మీద నడపాలని కూడా దానికి తెలుసు. ఆ సంగతి తల్లికే ఒక్కోసారి గుర్తుండదు.

శ్రావణమాసంలో మాత్రం పిల్లల్ని నా దరిదాపులకు రానివ్వరు. గోడకు సంచులు పట్టవు, పేరంటాలకు అందరికీ జాకెట్లు ముందురోజే కావాలి. అది కాస్తా గడిచింది. ఇప్పుడు పెద్దది దసరా కొలువులో బొమ్మలకు పరికిణీలు కుడతానని అడుగు అరలో జరీ ముక్కలు పోగేసింది. బుడ్డోడేమో వాడి బస్సుకు సీటు కవరు కావాలంటున్నాడు. కొలత తియ్యమని టేపు పట్టుకుని నా పెడల్ మీద కూర్చున్నాడు. దిగరా అంటే, స్టాపు రాలేదంటాడు.