తెలుసండి, తెలీదండి: ఒక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “బాలమురళిగారు పాడతారని తెలుసండి, కట్టారని తెలీదండి.”

అవతారిక. గౌతమికి ఎడమ గట్టున, కోటిపల్లి రేవు ఉన్న మండలమైన కె.గంగవరంలో, ‘రాగాంగ రావళి’ని మొట్టమొదటిసారి విన్న ఏ శ్రోత నోటైనా రాదగిన వాక్యమిది. కర్త అజ్ఞాతుడు. “తెలీదండి” తర్వాత “ఆయ్” అనే అధికపాఠం కొన్ని అరుగుల మీద వినబడుతుంది గానీ, అర్థంలో తేడా రాదు కనుక దాని జోలికి పోవడం లేదు. బాలమురళిగారు = 1930 జూలై 6న రాజోలు వైపు శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి వారు; పాడతారని = రామదాసు కీర్తనలూ త్యాగయ్య కృతులూ గానం చేస్తారని; తెలుసండి = విజయవాడ రేడియో భక్తిరంజని పుణ్యాన ఊరూవాడా ఎరుగును; కట్టారని = మాటా వరసా రెండూ తామే కూర్చారని; తెలీదండి = నిజంగానే తెలియదు. ఈ రెండో ‘అండి’ని మొదటిదానికంటే కాస్త నీరసంగా పలకాలని సంప్రదాయం.

తాత్పర్యమేమనగా, బాగా ఎరిగిన గొంతు వెనక ఎరగని మనిషి ఒకడు బయటపడ్డాడని. 72 మేళకర్త రాగాల్లోనూ ఆయన సొంతంగా కృతులు చేశారు. అవి ‘జనకరాగ కృతి మంజరి’గా 1952లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. తర్వాత వాటినే స్వయంగా పాడగా, సంగీతా రికార్డింగ్ కంపెనీ ‘రాగాంగ రావళి’ పేరుతో 9 భాగాలుగా విడుదల చేసింది. దీన్ని ఇంకో బాలమురళి క్యాసెట్ అన్నట్టు వినకూడదన్నదే ఈ టీకాకారుడి వాదన. త్యాగయ్య కృతిని ఎవరు పాడినా అది శిష్యపరంపర చేతులు మారి వచ్చిన పాఠమే. ఒక పరంపరలో ఉన్న సంగతి ఇంకో పరంపరలో ఉండదు, ఏది అసలో తేల్చడానికి 1847లో ఆగిపోయిన ఆ గొంతు మనకు దొరకదు. ఇక్కడ ఆ చిక్కు లేదు. అనుపల్లవిలో ఒక స్వరం మీద గొంతు నిలిచిందంటే, అది గాయకుడు తీసుకున్న చనువు కాదు, రచయిత పెట్టిన విరామచిహ్నం. మూలమూ వ్యాఖ్యానమూ ఒకే నోట వస్తున్నాయన్నమాట. టీకాకారుల కడుపు కొట్టే ఏర్పాటే అయినా ఒప్పుకోక తప్పదు.

పూర్వపక్షి లేస్తాడు: “72 మేళాలకూ కోటీశ్వరయ్యర్ ముందే తమిళంలో కృతులు చేశాడు కదా, ఇందులో విడ్డూరమేముంది?” చేశాడు, కాదనేవారెవరు? అయితే ఆ కృతులు మన చెవిదాకా వచ్చింది ఎస్.రాజం వంటి విద్వాంసుల గొంతుల్లో. మేము ఎంచుతున్నది ఎవరు ముందన్నది కాదు, కట్టినవాడే పాడి అప్పగించడం. “సరే, బాలమురళి ఒక కచేరీలో పాడినట్టు ఇంకో కచేరీలో పాడేవారు కాదే, ఇక ప్రమాణమేది?” అని రెండో శంక. ఇది గట్టి శంకే. అయినా సొంతదారు ఇంటి గోడ మార్చుకోవడానికీ, అద్దెకున్నవాడు మార్చడానికీ తేడా ఉంది. మార్పులన్నీ ఆయనవే అయినప్పుడు అవి పాఠభేదాలు కావు, చిత్తుప్రతులు.

ఇంతకాలం ఎందుకు తెలియలేదంటే, తప్పు శ్రోతదొక్కడిదే కాదు. కచేరీ పద్ధతిలో పెద్దపీట సంగీత త్రిమూర్తులది. బతికున్న వాగ్గేయకారుడి వంతు చివర్న, తిల్లానా దగ్గర వస్తుంది. బాలమురళి కట్టిన కదనకుతూహల తిల్లానాకు నాట్యం చేసినవాళ్లలో, చూసినవాళ్లలో కట్టిందెవరో అడిగినవాళ్లు తక్కువ. భక్తిరంజని అయితే పొద్దున్నే భద్రాద్రి రాముణ్ణి తలపించి, పాడేవాడి సొంత కవిత్వం ఊసే మరిపించింది. అమెరికాలో కరోల్ కింగ్‌ది సరిగ్గా తిరగేసిన కథ: ఏళ్ల తరబడి ఇతరుల గొంతులకు పాటలు కట్టి, 1971లో ‘టాపెస్ట్రీ’తో తన గొంతు వినిపించింది. అక్కడ తెలియనిది గొంతు, ఇక్కడ తెలియనిది కలం.

ఇక వినే క్రమం. మొదటి మేళం కనకాంగి దగ్గరే మొదలుపెట్టి మానేసేవాళ్లుంటారు, వాళ్లను తప్పుపట్టలేం. శుద్ధ రిషభం పక్కనే శుద్ధ గాంధారం, మధ్యలో మరో స్వరస్థానం లేదు. రెండు మెట్లు ఒకదానికొకటి ఆనుకున్నట్టు చెవి తడబడుతుంది. మొదటి ఆరు మేళాల్లోనూ ఇదే జంట. మొత్తం 72లో 40 ఇలాంటి వివాది మేళాలే. కనుక కొత్త శ్రోత 15వదైన మాయామాళవగౌళతో ఎత్తుకుని, అంటే సరళీ వరుసలు నేర్పే రాగంతో, తర్వాత 29 శంకరాభరణం, ఆ వెంటనే 65 మేచకల్యాణి వినాలి. చివరి రెంటికీ తేడా ఒక్క మధ్యమమే. ఆ ఒక్క స్వరం మారితే అదే రచయిత నడక ఎలా మారిందో అక్కడ పట్టుబడుతుంది. కనకాంగికి ఆ తర్వాత రావచ్చు. “కర్త పెట్టిన వరసను కాదంటారా?” అంటే, ఆ వరస బాలమురళిది కాదు, మేళకర్త లెక్కది. వేంకటమఖి నాడు మొదలైన ఆ లెక్క రాగాలను ఎంచడానికి పెట్టింది, వినేవాడి సుఖం చూసి పెట్టింది కాదు.

మిగిలినది మహతి, లవంగి, సుముఖం సంగతి. ఆయన తన సృష్టి అన్న ఈ నాలుగేసి స్వరాల రాగాలు మేళకర్తల పట్టికలోవి కావు. వాటి సొంతదనం మీద వీణ ఎస్.బాలచందర్ గట్టిగానే పేచీ పెట్టారు. ఆ పేచీ మూలవాక్యంలోని ‘కట్టారని’ అన్న మాట కిందికి వస్తుందా రాదా అన్నది వేరే టీకకు సరిపడా పని, ఇక్కడ ఎత్తుకోము.