‘ఒక్క సెంటు తగ్గ’ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఒక్క సెంటు తగ్గ నొకలక్ష తగ్గును
కంటి కేమొ తేడ కానరాదు
కాగితమున నున్న గణితంబు చూతురు
వజ్ర మెవరి కేల వసుధలోన

అవతారిక

ఈ ఆటవెలది ఈ వ్యాసకర్తదే. టీకా కూడా అతనిదే. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే అయితే కవిహృదయం గురించి తగవులుండవు. వ్యాఖ్యాతలందరికీ పెద్దదిక్కయిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమలోని కొల్చారం వాడని ప్రతీతి. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి సగం ఇక్కడ పాటింపబడును. రెండో సగానికి పూచీ లేదు.

ఇక సందర్భం. నగల దుకాణం, మొదటి అంతస్తు, చల్లగా ఏసీ. మేనకోడలి నిశ్చితార్థపు ఉంగరానికి రాయి చూడవచ్చిన మేనమామ ముందు సేల్స్ కుర్రాడు నల్ల మఖమలు గుడ్డ పరిచి రెండు వజ్రాలు పెట్టాడు. రెండూ గుండ్రనివే. రంగు ఒకటే, శుద్ధి ఒకటే, కాగితమిచ్చిన సంస్థా ఒకటే. బరువు మాత్రం ఒకటి 0.99 క్యారెట్, ఇంకొకటి 1.00. మామగారు రెంటినీ చూశారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు, ధర చీటీలు తిరగేశారు. అప్పుడు వారి నోట వెలువడిన పలుకే ఈ పద్యం. “వన్ క్యారెట్ అంటే వన్ క్యారెట్టే కద సార్” అని కుర్రాడిచ్చిన జవాబు ఛందస్సులో ఇమడలేదు గనుక మూలంలో చేర్చలేదు.

ప్రతిపదార్థం

ఒక్క సెంటు = క్యారెట్‌లో నూరో పాలు; తగ్గన్ = తక్కువ కాగా; ఒక లక్ష = లక్ష రూపాయలు; తగ్గును = వెలలో కోత పడును; కంటికి ఏమొ = చూచువాని కంటికి మాత్రము; తేడ = భేదము; కానరాదు = అగపడదు; కాగితమునన్ ఉన్న = ప్రయోగశాలవారి పత్రమందలి; గణితంబు = అంకెలను; చూతురు = జనులు పరికింతురు; వజ్రము = ఎదుటనున్న రాయి; ఎవరికి ఏల = ఎవరికి కావలెను; వసుధలోన = భూమియందు.

తాత్పర్యం

రాయిని కాదు, రాసినదాన్ని కొంటున్నామని మామగారి గోడు.

విశేషాలు

‘సెంటు’ అనగానే గుంటూరు మనిషికి ఎకరంలో నూరో వంతు నేల గుర్తొస్తుంది, పెళ్లికొడుకు స్నేహితులకు సీసాలోని అత్తరు గుర్తొస్తుంది. వజ్రాల బల్ల దగ్గర అది 2 మిల్లీగ్రాములు. అటువంటి సెంట్లు నూరయితే క్యారెట్, అంటే 200 మిల్లీగ్రాములు. ఐదు క్యారెట్లు కూడితేగానీ ఒక గ్రాము కాదు. ఈ లెక్క ఖరారైంది 1907లో, తూనికల కొలతల అంతర్జాతీయ సభలో. అంతకుముందు క్యారెట్ ఊరికో రకంగా తూగేది. దాని పుట్టుక మధ్యధరా తీరపు కారబ్ చెట్టు గింజ. ఆ గింజలన్నీ ఒకే బరువుంటాయని వర్తకులు తరతరాలు నమ్మారు. 2006లో శాస్త్రజ్ఞులు కూర్చుని తూచి, ఇవీ మిగతా చెట్ల గింజల్లాగే హెచ్చుతగ్గులవేనని తేల్చారు. మన వైపు ఈ కొలువు చేసినవి గురివింద, మంజాడి గింజలు. వాటిని ఇంకా ఎవరూ అల్లరి పెట్టినట్టు లేదు.

‘ఒక లక్ష’ అన్నది ఉపలక్షణం. అనగా అచ్చంగా లక్షే అని కాదు, అటువంటి పెద్ద మొత్తం అని గ్రహించాలి. అయినా కవి అంకె ఊరికే వాడలేదని చూపడం వ్యాఖ్యాత ధర్మం. వజ్రానికి ధర ముక్క లెక్కన చెప్పరు, క్యారెట్ లెక్కన చెప్తారు. ఆ క్యారెట్ ధర కూడా రాయి బరువును బట్టి మారుతుంది. 1978 నుంచీ న్యూయార్క్‌లో రాపపోర్ట్ పేర వెలువడే ధరల పట్టీ ఈ వ్యాపారానికి పంచాంగం వంటిది. అందులో బరువులు గడపలుగా ఉంటాయి: 0.70 నుంచి 0.89 దాకా ఒక గడప, 0.90 నుంచి 0.99 దాకా ఒకటి, 1.00 నుంచి 1.49 దాకా ఇంకొకటి. గడప దాటితే మొత్తం రాయికి కొత్త ధర వర్తిస్తుంది. కింది గడపలో క్యారెట్ 4 లక్షలు, పై గడపలో 5 లక్షలు అనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే గానీ ఇవాళ్టి బజారు ధర కాదు. 0.99 రాయి 3,96,000. 1.00 రాయి 5,00,000. తేడా 1,04,000. నాలుగు వేలు ఎక్కడికి పోయాయంటే, గణాలకు సరిపోక పోయాయి.

ఇక్కడ ఒక సవరణ అవసరం. వర్తకులూ అమాయకులు కారు. గడప అంచున నిలబడ్డ 0.95 పైబడిన రాళ్లకు పట్టీ ధర కంటే కాస్త ఎక్కువే అడుగుతారు. కాబట్టి కోత కవి ఏడ్చినంత ఉండకపోవచ్చు. కానీ ఉంటుంది.

‘కంటికేమొ తేడ కానరాదు’: ఇందులో అతిశయోక్తి లేదు, స్వభావోక్తి. చక్కగా కోసిన గుండ్రని ఒక క్యారెట్ వజ్రం అడ్డకొలత సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు. 0.99 రాయికి అందులో తగ్గేది మిల్లీమీటరులో యాభయ్యో వంతు, వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. అసలు బరువు రెట్టింపైనా వెడల్పు రెట్టింపు కాదు. పెరిగిన బరువు పొడవుకూ, వెడల్పుకూ, లోతుకూ పంచబడుతుంది గనుక రెండు క్యారెట్ల రాయి అడ్డకొలత ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకే. చూసేవాళ్లకు కనిపించేది పావు వంతు పెరుగుదల, చెల్లించేవాడికి కనిపించేది మరొకటి.

‘గణితంబు’: ఈ గణితం మనవాళ్లకు కొత్త కాదు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఆ సూత్రాన్ని విప్పి చెప్పాడు. బరువును బరువుతోనే గుణించు, వచ్చినదాన్ని ఒక క్యారెట్ ధరతో గుణించు. దోషం లేని ఒక క్యారెట్ రాయి 150 లివర్లయితే (లివరు అంటే నాటి ఫ్రెంచి డబ్బు), 12 క్యారెట్ల రాయి 12 ఇంతలు కాదు, 144 ఇంతలు: 21,600 లివర్లు. 1665లో ఔరంగజేబు కొలువులో ‘గ్రేట్ మొగల్’ వజ్రాన్ని చేత పట్టుకుని తూచినప్పుడూ ఇదే లెక్క వేశాడు. అది 279 క్యారెట్ల పైన మరో తొమ్మిది పదహారో వంతులు తూగింది. వర్గం కట్టి వెల తేల్చితే కోటీ పదిహేడు లక్షల లివర్లు దాటింది.

ఆ రాయి పుట్టిల్లు కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గని అని టావెర్నియరే రాశాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. గనిలో దొరికినప్పుడు దాని బరువు 787½ క్యారెట్లు. సాన పట్టినవాడు వెనిస్ నుంచి వచ్చిన హోర్టెన్సియో బోర్జియో. అతడు అరగదీసి అరగదీసి రాయిని మూడో వంతుకు కాస్త ఎక్కువగా మిగిల్చాడు. పాదుషా కూలి ఇవ్వలేదు సరికదా, పదివేల రూపాయలు జుల్మానా వేశాడు. అతని దగ్గర ఇంకా ఉండి ఉంటే ఇంకా గుంజేవాడట. పాదుషాగారు వర్గాలు కట్టి చూసుకున్నారో లేదో గానీ, ఆ సూత్రం ప్రకారం బరువు అంత తరిగితే విలువ సుమారు ఎనిమిదో వంతుకు పడుతుంది. జుల్మానా చవకే.

నేటి బజారు వర్గ సూత్రాన్ని అక్షరాలా పాటించదు. గడపలే పాటిస్తుంది. అయితే దాని కారణం ఇప్పటికీ నిలిచే ఉంది. భూమి చిన్న రాళ్లను చేతినిండా ఇస్తుంది, పెద్దవాటిని పిసినారిగా ఇస్తుంది. ఇది తెలియక మోసపోయేది ఎక్కువగా కమ్మల దగ్గర. మన ఇళ్లలో ఏడు రాళ్ల దుద్దులకున్న గౌరవం తెలిసిందే. ఒక్కో రాయి 14 సెంట్లు అనుకుంటే ఒక చెవికి 98 సెంట్లు, ఇంచుమించు క్యారెట్. అమ్మేవాడు “జతకి రెండు క్యారెట్లండీ” అంటాడు, అబద్ధమేమీ కాదు. కానీ టావెర్నియర్ లెక్కన ఏడు ముక్కలైన క్యారెట్ ఒంటిరాయి క్యారెట్‌లో ఏడో వంతే చేస్తుంది. బిల్లులో ‘మొత్తం బరువు’ అని కనిపించిన చోటల్లా ‘ఎన్ని రాళ్లకు?’ అని అడగాలి. అడిగితే చిన్నతనమేమీ లేదు. అడగకుండా వచ్చి, ఇంటి దగ్గర వియ్యపురాలు అడిగితే చెప్పలేకపోవడం చిన్నతనం.

‘కాగితమున’: జనం సర్టిఫికెట్ అంటారు. జీఐఏ అనే అమెరికా సంస్థ 1955 నుంచీ ఇస్తున్న ఈ పత్రాన్ని తాను మాత్రం రిపోర్టు అనే పిలుచుకుంటుంది. అందులో బరువు, రంగు, శుద్ధి, కొలతలు ఉంటాయి, గుండ్రని రాయికైతే కోతకు మార్కూ ఉంటుంది. వెల ఉండదు. విలువ కట్టడం తమ పని కాదని వారి మాట. వారిచ్చిన అంకెను చూసి కట్టేది బజారు.

ఆ అంకె ఎలా పుడుతుందో చెప్పకపోతే టీకా అసంపూర్ణం. తూచేటప్పుడు దశాంశం తర్వాత రెండు స్థానాలతో ఆగరు, ఇంకా లోతుకు తూస్తారు. పత్రం మీద మాత్రం రెండే స్థానాలు వేస్తారు. మనకు బడిలో ఐదు దాటితే పైకి జరపమని నేర్పారు. జీఐఏవారి బడి వేరు. మూడో స్థానంలో తొమ్మిది ఉంటేనే పైకి. 0.998 తూగిన రాయి 0.99 గానే నమోదవుతుంది. 0.999 తూగినది 1.00 అవుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నది మిల్లీగ్రాములో ఐదో వంతు. పద్యంలో కవి సెంటుకు లక్ష పోయిందని వాపోయాడు. సెంటులో పదో వంతుకే పోవచ్చునని ఆయనకు తెలిసి ఉంటే సీసం ఎత్తుకునేవాడు.

‘వసుధలోన’: ఈ పదానికి ఇక్కడ పనేమీ లేదు. “వజ్రమెవరికేల” అన్నంతనే అర్థం పూర్తయింది, పాదం మాత్రం పూర్తి కాలేదు. రెండు గణాలు తక్కువయ్యాయి. కవి భూమిని తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. ఇది పాదపూరణం, దోషమే. కానీ సరిగ్గా ఈ పనే సాన పట్టేవాళ్లూ చేస్తారు. ముడిరాయిని అందంగా కోస్తే 0.93 వస్తుందనుకోండి. కొంచెం సర్దుకుంటే 1.00 వస్తుంది. సర్దుకోవడమంటే రాయి నడుము దగ్గర అంచును మందంగా వదిలేయడం, కింద పొట్టను లోతుగా ఉంచడం. ఆ బరువు ఉంగరంలో కూర్చున్నాక కింద దాగిపోతుంది. పైనుంచి చూస్తే క్యారెట్ రాయి తొంభై సెంట్ల రాయంత వెడల్పే ఉంటుంది. లోతు ఎక్కువైతే వెలుగు తిరిగి పైకి రాక కిందినుంచి జారిపోతుంది, నడుమ నలుపు కడుతుంది. అయినా పత్రం మీద 1.00 పడింది కదా, గణం సరిపోయింది.

కోహినూరు విషయంలో దీనికి నేరుగా విరుద్ధం జరిగింది. 1852లో లండన్‌లో దాన్ని మళ్లీ కోయించి, 186 క్యారెట్లున్నదాన్ని 105.6కి దించారు, మెరుపు చాలలేదని. అది రాజుల సొత్తు. ధర చీటీ కట్టే అవసరం లేనివాడే అంత ధైర్యంగా బరువు వదులుకోగలడు. సూరత్ సాన దగ్గర కూర్చున్నవాడికి 0.99 అంటే గడప దగ్గర బోర్లా పడ్డట్టు. అందుకే 0.96 నుంచి 0.99 దాకా ఉన్న రాళ్లు బజారులో అరుదు. ఎక్కడైనా కనిపిస్తే, కోసినవాడు బరువు కంటే అందాన్ని ఎంచుకున్నాడేమోనని ఒకసారి పరీక్షగా చూడటం మంచిది.

పూర్వపక్షం

“అన్నీ సరే, రేపు అమ్ముకోవలసి వస్తే 1.00కే గిరాకీ కదా?” నిజమే. కొనేటప్పుడు గడప దాటినదానికి ఎక్కువ ఇచ్చినట్టే, అమ్మేటప్పుడూ దానికి ఎక్కువ వస్తుంది. అయితే బంగారం తిరిగి ఇచ్చినట్టు వజ్రం తిరిగి ఇవ్వబోయినవారికి తెలుసు, చెల్లించిన ధర చేతికి రావడం ఎంత కష్టమో. వేలికి పెట్టుకోవడానికి కొనేవారికి, నా మట్టుకు, మంచి కోత ఉన్న 0.90 చాలు. మిగిలిన సొమ్ముతో పెళ్లి భోజనాల్లో ఒక పూట గడుస్తుంది. ఈ మాటకు మేనకోడలు ఒప్పుకోలేదు. ఆమె పక్షం మూలంలో లేదు గనుక వ్యాఖ్యాత దాని జోలికి పోడు.

ప్రక్షిప్తాలు

ప్రతి కావ్యంలోనూ ఎవరో చేర్చిన పద్యాలు కొన్ని ఉంటాయి. కవి శైలే, కవి మాటలే, చదివేవాడికి తేడా తెలియదు. ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు అటువంటివి. అవీ అచ్చమైన కర్బనమే, గాజు కాదు. వేరు పట్టడానికి యంత్రం కావాలి. కానీ ఇక్కడ బరువు భూమి పిసినారితనం మీద ఆధారపడదు, యంత్రంలో ఇంకొన్నాళ్లు ఉంచడం మీద ఆధారపడుతుంది. అందుకే గడపల మధ్య ఎత్తు బాగా తగ్గిపోయింది. 2023లో మన ప్రధాని అప్పటి అమెరికా అధ్యక్షుని భార్య జిల్ బైడెన్‌కు కానుక ఇచ్చిన ప్రయోగశాల వజ్రం 7.5 క్యారెట్లు. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో దాని విలువ 20,000 డాలర్లుగా చూపారు. వర్గ సూత్రంతో కట్టబోతే టావెర్నియర్ కలం పక్కన పెట్టేవాడు.

పాఠాంతరం

మొదటి పాదానికి కొన్ని ప్రతుల్లో “ఒక్క సెంటు పెరుగ నొకలక్ష పెరుగును” అని ఉంది. గణాలు తప్పలేదు, యతి చెడలేదు. ఈ ప్రతులు దుకాణాల్లో దొరికినవి. అమ్మకపు బల్ల దగ్గర ఈ పాఠమే చదువుతారు. వెనక్కి కొనే బల్ల రెండో అంతస్తులో ఉంటుంది, అక్కడివారు మూలపాఠానికే కట్టుబడి ఉంటారు.