దేవమాలిలో మా మేక

మా బావకి పేపరు చదివే అలవాటుంది. దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. చదివినది చేసి చూసే అలవాటు కూడా ఉంది, చిక్కంతా దానితోనే. వెల్లుల్లి గుండెకి మంచిదని చదివిన నెలంతా మా అక్క హాల్లో పడుకుంది. పోయిన డిసెంబరులో, బీరువాలో పరవడానికి దాచిన పాత పేపర్లలోంచి ప్రపంచ ఆనంద నివేదిక అనేది ఆయన కంట పడింది. 2025 లెక్కలో ఫిన్లాండు మొదటి స్థానం, మనం 118. ఫిన్లాండు 2018 నుంచీ ఆ కుర్చీ దిగలేదు.

“ఆళ్ళకీ మనకీ తేడా ఏటంటావు?” అన్నాడు, రాయగడలో వాళ్ళింటి అరుగు మీద కూర్చుని.

“ఆళ్ళకి డబ్బుంది. జనం తక్కువ. బళ్ళు బాగుంటాయి.”

“అవి మన సేతిలో లేవు. ఇంకోటి సెప్పు.”

“చలి.”

“అదీ!” అని తొడ చరిచాడు. “అది మన సేతిలో ఉంది.”

నిజానికి రాయగడ చలి గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. నాగావళి ఒడ్డున, సముద్రమట్టానికి రెండొందల మీటర్ల చిల్లర ఎత్తులో ఉన్న ఊరు. కానీ ఉన్న చలిని పూర్తిగా వాడుకోవడంలో మా ఊరివాళ్ళని మించినవాళ్ళు లేరు. దీపావళి మర్నాడు తలకెక్కిన మంకీ టోపీ శివరాత్రికి గానీ దిగదు. ఆ నాలుగు నెలలూ ఎదురొచ్చిన మనిషిని ముక్కుని బట్టి పోల్చుకుని నమస్కారం పెట్టాలి. స్వెట్టర్లు టిబెట్టు వాళ్ళ దగ్గర కొంటాం. ఇటు గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచీ వాళ్ళ శిబిరాలున్నాయి. మంచుకొండలు దాటి వచ్చినవాళ్ళు, పదిహేను డిగ్రీలకి మా పళ్ళు టకటకలాడటం చూసి, నవ్వాపుకుని ధర చెబుతారు. మర్యాదస్తులు.

ఈ చలి చాలదని బావ తేల్చాడు. కిలోమీటరు ఎత్తుకి వెళితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందట. ఒడిశా మొత్తానికి ఎత్తయిన శిఖరం దేవమాలి, 1,672 మీటర్లు, మా పక్క జిల్లా కొరాపుట్‌లోనే ఉంది. ఎవరిదో శుభలేఖ వెనక కూడికలు, తీసివేతలు చేసి, కింద రెండు గీతలు గీశాడు: తొమ్మిదిన్నర డిగ్రీలు.

“వీసా అక్కర్లేదు, విమానం అక్కర్లేదు. బొలేరో కిరాయికే ఫిన్లాండు. జనవరి ఒకటో తారీఖు సూర్యోదయం కొండ మీద సూద్దాం.”

“జనవరి ఒకటి మనకేటి?” అంది అక్క. అడగాల్సిన మాటే. మా ఇంట్లో ఏడాదికి మూడు కొత్త సంవత్సరాలు. ఉగాది ఒకటి. ఏప్రిల్ మధ్యలో ఒడియా వాళ్ళ పొణా సంక్రాంతి ఒకటి, మారేడు పండు పానకం ఆ రోజు మా ఇంట్లోనూ కలుపుతారు. మూడోది కేకుది. 1936 ఏప్రిల్ ఒకటిన ఒడిశా వేరే రాష్ట్రమై, అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న మా కొండలన్నీ అటు వెళ్ళిపోయాయి. మా తాత మాత్రం కూర్చున్న అరుగు మీదే ఉన్నాడు. ఆయన జీవితంలో మారిందల్లా పండగల లెక్క. “ఏడాదికి మూడుసార్లు మొదలెట్టి కూడా 118 ఏటే?” అని బావ అక్కని ఎదురడిగాడు. దీనికి ఆవిడ దగ్గర జవాబు లేదు.

బెంగళూరు నుంచి సెలవులకొచ్చిన మేనకోడలు ఈ పథకానికి ఒక సవరణ చేసింది. దేవమాలి పైదాకా తారురోడ్డు ఉంది గదా, బండిలో వెళ్ళి దిగితే అందులో ఏముంది, కింద బండి ఆపి ట్రెక్కింగ్ చేద్దాం మావయ్యా అంది. మా చిన్నప్పుడు కొండెక్కడం అంటే కట్టెల కోసమో, తప్పిపోయిన పశువు కోసమో, పరీక్ష తప్పి ఇంటికి వెళ్ళలేకో. ఈ మూడూ లేకుండా ఎక్కితే ట్రెక్కింగ్. దానికి ఆరువేల రూపాయల బూట్లుంటాయి. ఆ పిల్ల కాళ్ళకి ఉన్నాయి.

ముప్పై ఒకటో తారీఖు లక్ష్మీపురం మీదుగా బయల్దేరాం. ధనుర్మాసం కాబట్టి కోడి లేదు, మేక లేదు, పులిహోర. (మేక లేదన్న మాట గుర్తుంచుకోండి.) దారిలో బావ నివేదిక లోపలి సంగతులు చెప్పాడు. ఆనందాన్ని కొలవడానికి వాళ్ళు యంత్రాలేమీ వాడరు. ఒక నిచ్చెన ఊహించుకోమంటారు. కింద సున్నా, పైన పది. పైమెట్టు మీకు దొరకగలిగిన మంచి బతుకు, అడుగుది అధమం. మీరు ఏ మెట్టు మీదున్నారు? అంతే, అదే ప్రశ్న.

మేనకోడలు ఆరు అంది. డ్రైవరు, వెయిటింగు చార్జీ ఇస్తారా లేదా తేలితే చెబుతానన్నాడు. అక్కని అడిగితే, “ఏ నిచ్చెన? అటక నిచ్చెనా? దసరాకి ముందు దానికి నాలుగో మెట్టు ఊడితే ఇప్పటిదాకా ఏయించలేదు” అంది. బావ శుభలేఖ మీద నాలుగు అని రాసుకున్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. పర్సు పారేసుకుంటే తిరిగొస్తుందని నమ్మే జనం ఎక్కువున్న చోట ఆనందం ఎక్కువట. నిజంగా పర్సులు పడేసి చూస్తే, జనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువే తిరిగొచ్చాయట. అక్క వెంటనే బావ జేబు తడిమి పర్సు తీసుకుని తన సంచిలో వేసుకుంది.

సెమిలిగుడలో లాడ్జి. నీళ్ళు ముట్టుకుంటే వేలు మనది కాదన్నట్టుంది. మూడింటికి లేచి, కుందులి దాటి, కొండ కింద ఒక ఊరి దగ్గర బండి ఆపాం. అక్కడి నుంచి నడక. నా ఒంటి మీద రెండు స్వెట్టర్లు, ఒక శాలువా, బావ పాత కోటు. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. మా పక్క నుంచి బళ్ళ వరస, ఒక్కోదాంట్లో బాక్సులు పెట్టి పాటలు. కొత్త సంవత్సరపు సూర్యుణ్ని డప్పులతో నిద్ర లేపడానికి విజయనగరం నుంచి, జయపురం నుంచి జనం. ప్రతి బండిలోంచీ ఎవరో ఒకరు తల బయటపెట్టి “చెడిపోయిందా? మెకానిక్కుని పంపమా?” అని అడిగారు. నాలుగో బండి దగ్గర మేనకోడలు జవాబు చెప్పడం మానేసింది. ఆరో బండి దగ్గర ఎడమ బూటు అడుగు ఊడి, నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడు మంచులోంచి ఒక ముసలమ్మ వచ్చింది. వట్టి కాళ్ళు, నెత్తి మీద కట్టెలు, చేతిలో సొరబుర్ర. చలికి మా మాటలు మాకే అర్థం కావడం లేదు గానీ ఆవిడ మామూలుగా ఉంది. ఆగి, మా నలుగుర్నీ చూసి, దేశియాలో అడిగింది: “ఏం పోయింది?”

బావకి ఒడియా బాగా వచ్చు, దేశియా కూడా లాగించగలడు. భాష కాదు అడ్డం. ఏమీ పోలేదు, నడుస్తున్నాం అన్నాడు. ఎక్కడికి? పైకి. పైన ఏముంది? ఏమీ లేదు. చుట్టాలున్నారా? లేరు. మొక్కుందా? లేదు. మరి? సూర్యుణ్ని చూడ్డానికి అన్నాడు. ఆవిడ తూర్పుకేసి చూసింది, మళ్ళీ మాకేసి చూసింది. ఆ చూపులో జాలి పెరుగుతున్న కొద్దీ బావకి ధైర్యం తగ్గింది.

“ఛేళి పోయిందా?” అందావిడ చివరికి, మాకో దారి చూపిస్తున్నట్టు.

“హఁ, ఛేళి” అన్నాడు బావ. ఛేళి అంటే మేక.

ఆ ఒక్క మాటతో మేము ఆవిడకి అర్థమైపోయాం. ముసలాళ్ళు, ఆడవాళ్ళు, చలిలో, చీకట్లో, మేక కోసం. ఏం రంగు అని అడిగింది. నలుపు అన్నాడు బావ. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. “నుదుటి మీద తెల్ల మచ్చ” అన్నాడు. అబద్ధానికి ఆనవాళ్ళు పెడితే గానీ మనవాళ్ళకి తృప్తి ఉండదు. ఆవిడ కట్టెలు దింపి, ఊరివైపు తిరిగి ఒక కేక వేసింది. కింద ఎక్కడో కుక్కలు మొరిగాయి, తలుపులు తెరుచుకున్నాయి.

మేము పైకి పరుగెత్తాం. ఆ కొండ మీద నేను చేసిన ట్రెక్కింగ్ ఆ పది నిమిషాలే.

పైన సంగతి త్వరగా చెప్పేస్తాను, చెప్పడానికి ఏమీ లేదు గనక. దేవమాలి మీద నుంచి చూస్తే లోయల్లో మంచు సముద్రంలా పరుచుకుని, మిగతా కొండలు దీవుల్లా తేలుతాయని అందరూ అంటారు. ఫొటోలు కూడా చూశాను. ఆ రోజు సముద్రమే మా మీదకి వచ్చింది. ఆరున్నర అయింది, ఏడు అయింది. నా చెయ్యి నాకు కనిపిస్తే అది నాదేనా అని కదిపి చూసుకోవాల్సి వచ్చింది. మంచులో ఎవరో “హ్యాపీ న్యూ ఇయర్” అంటే, ఎవరికో తెలియకపోయినా “సేమ్ టు యూ” అన్నాను. ఎనిమిదింటికి పక్కన ఎవరో “పొడిచేశాడంట” అన్నారు. ఎవరు చూశారో తెలియదు.

మేనకోడలు ఏడుపు ముఖం పెట్టింది. బావ మాత్రం మెరిసిపోతున్నాడు. “ఒసే, ఫిన్లాండు ఉత్తరాన ఇప్పుడు సూర్యుడే పొడవడు. నవంబరు ఆఖర్లో ఎల్తే జనవరి మజ్జిలో గానీ రాడు. ఇంకెక్కడికెల్లాం మనం? అక్కడికే వొచ్చీసాం” అన్నాడు.

దిగేటప్పుడు తారురోడ్డే పట్టుకున్నాం. వేరే దారి లేదు, ఆ ఊళ్ళోంచే పోవాలి. ఊరి మొదట్లో నెగడు. చుట్టూ పదిమంది. ముసలమ్మ లేచి నిలబడి, రండి రండి అని చెయ్యి ఊపింది. ఆవిడ పక్కన ఇద్దరు కుర్రాళ్ళు, మోకాళ్ళ దాకా మంచుకి తడిసి, ఒక తాడు పట్టుకుని ఉన్నారు. తాడు చివర మేక. నలుపు. నుదుటి మీద తెల్ల మచ్చ.

నేను బావని చూశాను. బావ మేకని చూశాడు. మేక ఎటూ చూడలేదు.

ఎవరి మందలోదో, ఆ కుర్రాళ్ళు మూడు గంటలు తిరిగి, వాగు అవతల పట్టుకొచ్చారట. తీసుకుంటే దొంగతనం. తీసుకోకపోతే ఏమని చెప్పాలి? బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, చెవి పట్టుకుని చూసి, గొంతు పెగుల్చుకుని, “మాది దీనికన్నా చిన్నది” అన్నాడు. అందరి ముఖాలూ వాడిపోయాయి. ఒక కుర్రాడైతే తల దించుకున్నాడు, తప్పు తనదైనట్టు.

తర్వాత మమ్మల్ని ఓదార్చారు. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నెగడు దగ్గర పీట వేశారు. మండియా పేజ్ పోశారు, అంటే మన చోడి అంబలే, వేడివేడిగా, కొంచెం పులుపు తగిలి, ఉప్పూ మిరపకాయా పక్కన. ఆ కొండల సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. ఆ చోళ్ళు కూడా అందులోవే. నాకు ఆ క్షణాన తెలిసిందల్లా అది గొంతులోంచి దిగుతుంటే మోకాళ్ళు మళ్ళీ నావయ్యాయని. ఒకాయన మేనకోడలి బూటు తీసుకుని, తీగతో బిగించి కట్టి ఇచ్చాడు. మేము పులిహోర విప్పి అందరికీ పంచాం. మేక కూడా తింది.

ముసలమ్మ అక్క పక్కన కూర్చుని ధైర్యం చెబుతూనే ఉంది. శనివారం పుష్య పౌర్ణమి, పుష్ పరబ్ వస్తోంది, ఈ రోజుల్లో మేకని వదలకూడదమ్మా, అంది. రేపు శుక్రవారం కుందులి సంత, ఎవరైనా పట్టుకుపోతే అక్కడికే అమ్మకానికి తెస్తారు, నేనెలాగూ వెళ్తాను, చూస్తాను అంది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఏం చెప్పను, అక్క అప్పటికి మేక ఉందనే నమ్మేసింది.

కుర్రాడు బావ ఫోను నంబరు అడిగి తీసుకున్నాడు. బండిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కొరాపుట్ దాటాక బావ శుభలేఖ తీసి, అక్కని, “ఇప్పుడు ఎన్నో మెట్టు?” అని అడిగాడు. అక్క, “ఆ అబ్బాయి కాళ్ళకి చెప్పుల్లేవండీ” అంది. బావ ఏమీ రాసుకోలేదు. ఇంటికెళ్ళాక అటక నిచ్చెనకి మెట్టు వేయించాడు.

శుక్రవారం సాయంత్రం ఫోనొచ్చింది. సంతంతా వెతికారట. నల్లవి చాలా ఉన్నాయి, మచ్చవి రెండు, రెండూ పెద్దవే. ఆ తర్వాతి శుక్రవారం మళ్ళీ వచ్చింది. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ. ఫోను మోగితే బావ ఇప్పుడు పెరట్లోకి వెళ్ళిపోతాడు. దొరికిందని చెప్పెయ్యొచ్చు గదా అంటే, ఎక్కడ, ఎలా దొరికిందని అడుగుతారు, అన్నిటికీ జవాబులు తయారుచేసుకోవాలి, ఈ వయసులో నావల్ల కాదు అంటాడు. నిజం చెప్పడానికి ఆయనకి నోరు రాదు, నాకూ అంతే.

కనక ఈ చలికాలం వెళ్ళేలోగా మీలో ఎవరైనా దేవమాలి వైపు వెళితే, కొండ కింద నెగడు దగ్గర ఒక్క నిమిషం ఆగి, రాయగడ వాళ్ళ మేక దానంతటదే ఇంటికొచ్చేసిందని చెప్పండి. నల్లది, నుదుటి మీద తెల్ల మచ్చ, కొంచెం చిన్నది.